దారిలో పరదేశం

నెలవారీ సమావేశంలో కరువు భత్యం బకాయిల సంగతి ముగిసిన తరువాత మన సభ్యుల మధ్య ఎక్కువగా నడిచేది వీసాల ముచ్చటే. పిల్లలు అమెరికాలోనో, కెనడాలోనో, ఇంగ్లండులోనో స్థిరపడినవారు మనలో చాలామంది ఉన్నారు. పురిటికనో, గృహప్రవేశానికనో ఏదో ఒక ఏడు ప్రయాణం తప్పదు. అప్పుడు తరచు వినిపించే సందేహం ఒకటి ఉంది. "మేము వెళ్లేది అమ్మాయి ఇంటికి. మధ్యలో విమానం మారే ఊళ్లో గడప కూడా దాటం. ఆ దేశంవారికి మా కాగితాలతో పనేమిటి?" అని.

ప్రశ్న న్యాయమైనదే. కాని ఇది విమానాలతో పుట్టిన ప్రశ్న కాదు. మన గోదావరి డెల్టాలో రెండు వందల ఏళ్లకు పైగా నలిగిన ప్రశ్న. 1954 దాకా కాకినాడ నుంచి అమలాపురం వెళ్లే బాటసారికి నడిదారిలో ఫ్రాన్సు దేశం తగిలేది. నవ్వులాటకు అంటున్న మాట కాదు. కాకినాడ నుంచి కోరంగి, తాళ్లరేవు మీదుగా సుమారు ముప్ఫై కిలోమీటర్లు వస్తే యానాం. అక్కడ గౌతమి దాటితే ఎదుర్లంక. ఆ తరువాత మురమళ్ల, ముమ్మిడివరం, అమలాపురం. కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం మీదుగా పోయే దారి వేరే ఉన్నా, ఈ దారిన పోయేవాడు ఇంగ్లీషు వారి రాజ్యంలో బయలుదేరి, ఫ్రెంచి వారి రాజ్యంలో రేవు దగ్గర నిలబడి, పడవెక్కి మళ్లీ ఇంగ్లీషు వారి రాజ్యంలో దిగేవాడు. జి.ఎం.సి. బాలయోగి గారి పేరిట వంతెన 2002లో తెరిచారు. ఇప్పుడు బస్సులో కునుకు తీసి లేచేసరికి యానాం వెనకబడిపోతుంది. పాండిచ్చేరి అని రాసిన బోర్డును కూడా చాలామంది గమనించరు.

యానాం మొత్తం ముప్ఫై చదరపు కిలోమీటర్లకు మించని గడ్డ. కోరంగి పాయ గౌతమి నుంచి చీలే చోట ఉన్నది. ఫ్రెంచి కంపెనీవారు 1723లో ఇక్కడ బట్టల వ్యాపారానికి దిగారు. లాభం లేదని కొన్నాళ్లు ఎత్తివేసి, 1731లో తిరిగి వచ్చారు. 1753లో ఉత్తర సర్కారులు బుస్సీ చేతికి వచ్చినప్పుడు యానాం చుట్టూ ఉన్న సీమంతా వారిదే. అయిదేళ్లు తిరగకుండా 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో ఓడిపోయారు, సర్కారులు చేజారాయి. తరువాత యూరపులో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువారు యానాం పట్టుకొనడం, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి ఇవ్వడం మామూలయింది. 1814 పారిస్ సంధి ప్రకారం చివరిసారి ఇచ్చినప్పుడు ఒక షరతు పెట్టారు. కోటలు కట్టరాదు, పోలీసు పనికి సరిపడేటంత మందిని తప్ప సైన్యాన్ని ఉంచరాదు. అంటే ఫ్రెంచివారికి మిగిలింది జెండా, కచేరీ, కొద్దిమంది పోలీసులు. ఇంగ్లీషువారి దృష్టిలో అది పెరట్లో వదిలిపెట్టిన పరాయివారి కొట్టు వంటిది.

ఆ చిన్న కొట్టు మన ప్రాంతపు జీవితంలో ఎంత పని చేసిందో చూడదగినది.

మొదట యానాం వారి అవస్థ చెప్పుకోవాలి. దాటివెళ్లే కష్టం మనకంటె వారికే ఎక్కువ. వారి రాజధాని పాండిచ్చేరి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. నాలుగు వైపులా పరాయి రాజ్యం. సముద్రం మీద పోకపోతే ఇంగ్లీషువారి నేల తొక్కక తప్పదు. 1880లో యానాం మునిసిపాలిటీ అయింది, అక్కడివారికి ఓటు వచ్చింది. గట్టుకు అవతల నీలపల్లి రైతుకు అప్పటికి ఓటు అనే మాటే తెలియదు. అలా ఓటు గల యానాం పెద్దమనిషి పాండిచ్చేరి సభకు వెళ్లాలంటే, ఓటు లేని నీలపల్లి మీదుగానే పోవాలి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తయిన తరువాత రైలులో మద్రాసుకు, అక్కడ నుంచి విల్లుపురం మీదుగా పాండిచ్చేరికి పోయే సౌకర్యం కలిగింది. ప్రయాణమంతా ఇంకొకరి రాజ్యంలోనే. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు చిన్నతనంలో పెరిగినది ఈ యానాంలోనే అన్నది సాహిత్యాభిమానులకు తెలిసిన విషయమే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. కాకినాడలో ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటి రంగూన్ వెళ్లే కూలీకి పాస్‌పోర్టు అక్కరలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరుపడేవరకు రంగూన్ ఇండియాలోని ఒక పట్టణమే. సముద్రానికి అవతల ఉన్నది స్వదేశం, ముప్ఫై కిలోమీటర్లలో ఉన్నది పరదేశం! దేశం అన్నది దూరాన్ని బట్టి గాక దస్తావేజును బట్టి ఉంటుందని మన తాత ముత్తాతలకు ఇలా తెలిసివచ్చింది. పాస్‌పోర్టు అనే చిన్న పుస్తకం అందరికీ అవసరమైనది మొదటి ప్రపంచ యుద్ధం తరువాతనే. ఇండియాలోకి వచ్చేవారికి పాస్‌పోర్టు ఉండాలని చట్టం చేసినది 1920లో. అంతకుముందు సామాన్యుడిని ఆపి అడిగింది మూటలో ఏమున్నదని గాని, నీవెవరివని కాదు.

మనిషిని అడగకపోవడంలో ఒక ఘోరం కూడా జరిగింది. దీనిని గురించి మన ప్రాంతంలో తక్కువగా చెప్పుకుంటాం. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి ఉన్నది. అప్పటి పేరు బూర్బోన్. అక్కడి చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా ఇండియా నుంచి మొట్టమొదట వెళ్లినవారు 1820 దశకం చివరలో యానాం నుంచి ఓడ ఎక్కిన తెలుగువారే. అక్కడి కాగితాలలో వారిని 'తెలింగా'లు అన్నారు. మొదట పదుల సంఖ్యలో వెళ్లారు, కొద్ది ఏళ్లలోనే అది వేలలోకి పోయింది. వీరంతా యానాం వారు కారు. అంత చిన్న ఊరికి అంతమంది ఎక్కడ నుంచి వస్తారు? ఎక్కువమంది చుట్టుపక్కల ఇంగ్లీషు తాలూకాల నుంచి వచ్చిన బీదలే. 1832-33 కరువు రోజులు. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. కాటన్ దొరగారు ఆ పని మొదలుపెట్టింది 1847లో, ముగించింది 1852లో. 1839 నవంబరు తుఫాను కోరంగిని ముంచివేసింది. ఆకలికి తోడు అప్పు. మేస్త్రీ బియ్యం పెట్టి, నాలుగు రూపాయలు చేతిలో పెట్టి, రాత్రికి రాత్రి గట్టు దాటిస్తే తెల్లవారేసరికి ఆ మనిషి ఫ్రెంచి నేల మీద ఉండేవాడు.

1839లో ఇంగ్లీషు ప్రభుత్వం తన ప్రజలు కూలీకి సముద్రం దాటడాన్ని చట్టం చేసి నిషేధించింది. 1842లో మారిషస్‌కు మాత్రం నిబంధనలతో తిరిగి తెరిచింది. ఆ చట్టం గట్టు దాకానే. గట్టు దాటితే ఫ్రెంచి చట్టం. మద్రాసు ప్రభుత్వం ఫిర్యాదులు చేసింది, ఫ్రెంచివారు బదులు రాశారు, ఓడలు మాత్రం పోతూనే ఉన్నాయి. చివరకు 1860లో రీయూనియన్ గురించి, 1861లో మిగిలిన ఫ్రెంచి దీవుల గురించి రెండు ప్రభుత్వాల మధ్య ఒడంబడికలు కుదిరాయి. ఫ్రెంచి రేవులలో కూడా ఇంగ్లీషు ఏజెంటు ఉండి, కూలీ తన ఇష్టంతోనే పోతున్నాడా, షరతులు అర్థమయ్యాయా అని విచారించాలి. అంటే దాటివెళ్లేవాడిని నిలిపి ప్రశ్న అడగడం మన దగ్గర మొదలైనది వాడిని అడ్డగించడానికి కాదు, వాడిని కాపాడడానికి. అయినా రీయూనియన్‌లో కూలీల గతి బాగుపడలేదని 1882లో ఇంగ్లీషువారు అక్కడికి పంపడమే ఆపివేశారు. అప్పటికి ఆనకట్ట నీళ్లు డెల్టాను పచ్చగా చేశాయి. యానాం రేవులో కూలీల ఓడల కథ అలా ముగిసింది. మారిషస్‌లోను, బర్మాలోను తెలుగువారిని 'కొరింగీ'లు అన్న పేరు మాత్రం చాలాకాలం నిలిచింది. మన కోరంగి రేవు పేరే అది.

సరుకుల విషయం వేరు. మనిషిని అడగని సర్కారు మూటను మాత్రం వదలలేదు. యానాంలో ఫ్రెంచి సుంకం తక్కువ, బయట ఇంగ్లీషు సుంకం ఎక్కువ. రెండు ధరల మధ్య ఒక్క పొలం గట్టు. ఇక చెప్పాలా? 1924లో ఇండియా ప్రభుత్వం భూసరిహద్దుల సుంకాల చట్టం చేసింది, చౌకీలు బిగించింది. 1941లో ఫ్రెంచి ఇండియాతో సుంకాల కూటమి ఏర్పడి కొంతకాలం ఈ బాధ తగ్గింది. 1949లో స్వతంత్ర భారత ప్రభుత్వం దానిని రద్దు చేసింది. చౌకీలు తిరిగి వచ్చాయి.

యానాం పేరు ఇంటింటా వినిపించింది మాత్రం పెళ్లిళ్ల మూలంగా. హరవిలాస్ శారదా గారి పేరిట శారదా చట్టం అని పిలిచే బాల్యవివాహ నిరోధక చట్టం 1929 సెప్టెంబరులో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండాలి. లేకపోతే పెళ్లి చేసిన పెద్దలకు జరిమానా, జైలు. మా వంశాచారం ఏమి కావాలని గగ్గోలు పుట్టింది. అప్పుడు పెద్దలకు యానాం కనిపించింది. అక్కడ శారదా చట్టం లేదు. పెళ్లివారు బండ్లు కట్టుకొని, పడవలు మాట్లాడుకొని, పురోహితుడిని, మేళాన్ని వెంటబెట్టుకొని తరలి వచ్చారు. ఉభయ గోదావరి సీమల నుంచి, అంతకంటె దూరం నుంచి కూడా వచ్చారు. ముహూర్తాల రోజులలో ఊరిలో విడిది దొరికేది కాదట. యానానికి 'కల్యాణపురం' అని మారుపేరు వచ్చింది ఇందుకే.

ఈ ముచ్చటను మనం నవ్వుతూ చెప్పుకుంటాం. మన ఇళ్లలో ఆ విధంగా పెళ్లి అయిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉండేవారు గనుక ఆప్యాయత కూడా ఉంటుంది. కాని ఆ బండిలో నిద్రపోతూ వచ్చిన ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల పిల్ల వైపు నుంచి ఆలోచిస్తే నవ్వు రాదు. ఆ పిల్లను కాపాడడానికి ఒక దేశం చట్టం చేస్తే, దానిని తప్పించడానికి ముప్ఫై కిలోమీటర్ల ప్రయాణం సరిపోయింది. ఆ పెళ్లికొడుకు పోతే ఆ పిల్ల గతి ఏమయ్యేదో కందుకూరి వీరేశలింగం గారి ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. గట్టు మీద ఆపి "ఈ పిల్ల వయసెంత?" అని అడిగే మనిషి ఒకడుండి ఉంటే ఎన్ని జీవితాలు మరో విధంగా నడిచేవో! కాగితం అడిగేవాడిని తిట్టుకొనే ముందు నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

రెండో వైపు కూడా ఉన్నది. అడగకపోవడం వలన బతికిపోయినవారు ఉన్నారు. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1908లోను, అరవిందుడు 1910లోను పాండిచ్చేరి చేరినది ఇంగ్లీషు పోలీసుల చేతికి చిక్కకుండానే. భారతి పదేళ్లు అక్కడ ఉండి, 1918 నవంబరులో హద్దు దాటి ఇంగ్లీషు నేల మీద కాలు పెట్టగానే కడలూరులో అరెస్టు చేశారు. అదే హద్దు యానాంలో చిన్నపిల్లను కాపాడలేకపోయింది, పాండిచ్చేరిలో కవిని పదేళ్లు కాపాడింది.

1947 ఆగస్టు 15న నీలపల్లిలో మూడు రంగుల మన జెండా ఎగిరింది. యానాంలో కూడా మూడు రంగులదే, అయితే ఫ్రాన్సువారిది. చుట్టూ స్వతంత్ర దేశం, మధ్యలో పరాయి పాలన. ఢిల్లీకి, పారిస్‌కు మధ్య చర్చలు సాగాయి. చందర్‌నగర్ ప్రజలు 1949లో ఓటు వేసి ఇండియాలో కలిశారు. మిగిలిన నాలుగు చోట్ల చర్చలు తెమలలేదు. 1954 ప్రారంభానికి కట్టుదిట్టం ముదిరింది. అంతవరకు పొలానికి పోయినంత తేలికగా గట్టు దాటినవారికి అనుమతి పత్రం అవసరమైంది. యానాంలో మిరపకాయ నుంచి కిరసనాయిలు దాకా బయట నుంచి రావలసిందే. వియ్యంకుడు ఒక పక్క, అల్లుడు ఒక పక్క. మెట్టకూరులో ఇల్లు, అవతలి గట్టున పొలం. రెండు శతాబ్దాలు అడగని ప్రశ్న ఒక్కసారిగా అడిగేసరికి ఊరు ఉక్కిరిబిక్కిరి అయింది. ఇది ఢిల్లీవారు తెలిసి పెట్టిన ఒత్తిడే. స్వాతంత్ర్యం కోసమే అయినా, దాని భారం మొదట పడ్డది సంతకు పోయే సామాన్యుడి మీద అన్న మాట దాచనక్కరలేదు.

ఎక్కువ రోజులు పట్టలేదు. యానాం ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో విమోచనోద్యమం వారు 1954 జూన్ 13న యానాం పాలనను చేతిలోకి తీసుకొని భారత జెండా ఎగురవేశారు. అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమైతే 170 మంది విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. కాగితం మీద మాత్రం అప్పటికీ ఫ్రెంచి భూమే. 1956 మే 28న అప్పగింత ఒప్పందం మీద సంతకాలయినా, ఫ్రాన్సు దానిని ధ్రువీకరించి, చట్టరీత్యా అప్పగింత పూర్తయినది 1962 ఆగస్టు 16న. ఆనాటి నుంచి ఆరు నెలల లోపల రాతపూర్వకంగా కోరుకున్నవారు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చు, కోరనివారు భారతీయులు. ఒకే ఇంట్లో అన్న ఫ్రెంచివాడు, తమ్ముడు భారతీయుడు అయిన ఉదాహరణలు పుదుచ్చేరిలో వినవస్తాయి. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఆ దేశపు పెన్షను అందుకొన్న కుటుంబాలు అక్కడ అనేకం. మన డి.ఏ. లెక్కలకు వారి లెక్కలకు పోలికే లేదు లెండి.

అదే 1954లో పశ్చిమ తీరాన ఇటువంటి కథే మరో దారి పట్టింది. పోర్చుగీసువారి డామన్ సముద్రపు ఒడ్డున ఉన్నది. వారి దాద్రా, నగర్ హవేలీలు లోపల, చుట్టూ మన నేలతో ఉన్నాయి. డామన్ నుంచి అక్కడికి పోవాలంటే ఇండియాను దాటాలి. జూలైలో స్థానిక ఉద్యమకారులు దాద్రాను విడిపించారు. పోర్చుగీసు అధికారులు తిరిగి పోకుండా భారత ప్రభుత్వం దారి మూసింది. పోర్చుగల్ 1955 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. మీ నేల మీదుగా మా నేలకు పోవడం మా హక్కు అన్నది వారి వాదం. 1960 ఏప్రిల్ 12న తీర్పు వచ్చింది. అది మన ప్రశ్నకు సూటిగా సంబంధించినది గనుక కాస్త వివరంగా చెబుతాను. మామూలు ప్రజలకు, సివిలు అధికారులకు, సరుకులకు ఇంగ్లీషు కాలం నుంచి దారి ఇస్తూ వచ్చారు గనుక ఆ మేరకు పోర్చుగల్‌కు హక్కు ఉన్నదన్నారు. సైన్యానికి, సాయుధ పోలీసులకు, మందుగుండుకు లేదన్నారు. వారు ఎప్పుడు దాటినా అనుమతి అడిగే దాటారు, అనుమతి అడిగే చోట హక్కు ఉండదు అని తర్కం. ఇక ఉన్న హక్కు కూడా దారి ఇచ్చే దేశం పర్యవేక్షణకు లోబడినదే గనుక, ఉద్రిక్త పరిస్థితిలో ఇండియా దారి మూయడం తప్పు కాదని తొమ్మిది మంది న్యాయమూర్తులు, తప్పేనని ఆరుగురు అభిప్రాయపడ్డారు. విమానం మారే ఊళ్లో మనల్ని కాగితం అడిగేవాడి బలమంతా ఈ ఒక్క సూత్రంలోనే ఉన్నది. దాటిపోయేవాడు కూడా దాటినంతసేపు ఆ ఇంటివాడి అదుపులోనే ఉంటాడు.

ఈ సూత్రాన్ని మరీ బిగిస్తే ఏమవుతుందో కూచ్‌బిహార్ చూపించింది. అక్కడ తూర్పు పాకిస్తాన్ లోపల మన గ్రామాలు, మన లోపల వారి గ్రామాలు చిల్లు కాణుల్లా చెదిరి ఉండేవి. 1952 అక్టోబరులో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా పద్ధతి వచ్చింది. ఆ గ్రామాలలో పాస్‌పోర్టు కచేరీ లేదు. పాస్‌పోర్టు తెచ్చుకోవాలంటే పరాయి నేల దాటాలి, దాటాలంటే పాస్‌పోర్టు ఉండాలి! ఆసుపత్రికి, బడికి, సంతకు ఏ పనికి బయటకు వచ్చినా నేరమే. మూడు తరాలు అలా గడిచాయి. 2015 జూలై 31 అర్ధరాత్రి 111 భారత గ్రామఖండాలు, 51 బంగ్లాదేశ్ గ్రామఖండాలు చేతులు మారేవరకు ఆ చిక్కు విడలేదు. యానాం ప్రజలు ఆ గతి కొద్ది నెలలు మాత్రమే చూసి బయటపడ్డారు.

ఇక విమానాల దగ్గరకు వద్దాం. దాటిపోయేవాడిని మరీ వేధించరాదన్న ఆలోచన పూర్వం లేకపోలేదు. 1920 అక్టోబరులో నానాజాతి సమితి పారిస్‌లో జరిపిన సభలో పాస్‌పోర్టు పుస్తకం రూపురేఖలు నిర్ణయించినప్పుడు, గమ్యదేశపు వీసా చూపితే దాటివెళ్లే వీసాను విచారణ లేకుండా వెంటనే ఇవ్వాలని, మామూలు వీసాకు పది బంగారు ఫ్రాంకులకు మించని రుసుము అయితే దీనికి ఒక్క ఫ్రాంకే ఉండాలని సిఫారసు చేశారు. విమానాలు వచ్చిన తరువాత విమానాశ్రయం లోపలే ఉండి మరో విమానం ఎక్కేవారిని చాలాకాలం ఏమీ అడగలేదు. 1980 దశకంలో ఇది మారింది. శ్రీలంక, ఇరాన్ వంటి చోట్ల నుంచి ప్రాణభయంతో బయలుదేరినవారు ఎక్కడికో టిక్కెట్టు కొని, మధ్య ఊళ్లో దిగి శరణు కోరేవారు. యూరపు దేశాలు దీనికి రెండు ఉపాయాలు పన్నాయి. ఒకటి, సరైన పత్రాలు లేనివారిని తెచ్చిన విమాన కంపెనీకి జరిమానా. ఇంగ్లండు 1987లో తలకు వెయ్యి పౌండ్ల చొప్పున విధించింది. రెండవది, విమానాశ్రయం దాటకపోయినా ఫలానా దేశాలవారికి వీసా ఉండాలనడం. 1996 మార్చిలో యూరపు సమాఖ్య పది దేశాల ఉమ్మడి జాబితా ప్రకటించింది. అందులో శ్రీలంక ఉన్నది, ఇండియా లేదు. కాని సభ్యదేశాలు విడిగా ఎవరినైనా చేర్చుకోవచ్చు, కొన్ని మనల్ని చేర్చుకున్నాయి. అమెరికా పద్ధతి ఇంకా కఠినం. అక్కడ ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారే ఏర్పాటే లేదు. వీసా లేకుండా దాటనిచ్చే పాత వెసులుబాటును 2003 ఆగస్టులో నిలిపివేశారు. అందుచేత టొరంటోలో కొడుకు దగ్గరకు న్యూయార్కు మీదుగా వెళ్లే తండ్రికి కెనడా వీసాతో పాటు అమెరికా వీసా కూడా ఉండాలి.

జరిమానా భయం వల్లనే మన కాగితాలు మొదట చూసేది ఆ పరదేశం కాదు, హైదరాబాదులో బోర్డింగ్ కార్డు ఇచ్చే కుర్రవాడు. అతడికి అనుమానం వస్తే ప్రయాణం అక్కడే ఆగుతుంది. మనకు తెలిసిన ఒక దంపతులకు అలాగే జరిగింది. ఒక ట్రావెల్ ఏజెంటు చవకగా వస్తుందని రెండు వేర్వేరు టిక్కెట్లు కలిపి ఇచ్చాడు. మధ్య ఊళ్లో సామాను తీసుకొని, బయటకు వచ్చి, మళ్లీ కొత్తగా చెక్-ఇన్ కావాలి. బయటకు రావడమంటే ఆ దేశంలో ప్రవేశించడమే, దానికి దాటివెళ్లే వీసా కూడా చాలదు, పూర్తి వీసా కావాలి. వారికి అదీ లేదు, ఇదీ లేదు. రెండు టిక్కెట్ల డబ్బూ పోయింది, మనవడి బారసాల ఫోనులో చూశారు.

కాబట్టి టిక్కెట్టు కొనే ముందు అడగవలసినవి ఇవి. మొత్తం ప్రయాణం ఒకే టిక్కెట్టు మీద ఉన్నదా, సామాను చివరి ఊరి దాకా నేరుగా పోతుందా? విమానం మారేది ఒక దేశంలోనా, రెండింటిలోనా? యూరపులో రెండు చోట్ల మారితే మొదటి చోటనే లోపలికి ప్రవేశించినట్లు లెక్క కావచ్చు. అమెరికా, కెనడా వంటి దేశాల చెల్లుబాటయ్యే వీసా ఉన్నవారికి ఇంగ్లండు, మరికొన్ని దేశాలు మినహాయింపు ఇస్తాయి. అయితే ఏ దేశం ఎవరిని జాబితాలో చేర్చినది, ఎవరిని తీసివేసినది ఏడాదికొక తీరుగా మారుతున్నది గనుక, నిరుడు వెళ్లివచ్చిన మిత్రుడి మాట మీద ఆధారపడక ఆ దేశపు రాయబార కార్యాలయం ప్రకటన చూడడం, విమాన కంపెనీని రాతపూర్వకంగా అడగడం మంచిది. అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉండి, పాస్‌పోర్టు కొత్తది అయినవారు రెండింటినీ చేతి సంచిలోనే ఉంచుకోవాలి. పెట్టెలో పెట్టి పంపితే, అడిగిన చోట చూపడానికి ఉండదు.